పాత చీర అంచు, పెండ్లి పత్రికలతో పండగ అలంకారం: మన వానలకు నిలిచేలా ఎలా చేయాలి?

"అక్కా, పోయిన దీపావళికి అట్టతో తోరణం కడితే రెండో రోజుకే ముడుచుకుపోయింది. మీది ఎట్లా నిలిచింది?"

వరలక్ష్మీ వ్రతం దాటిందంటే మా వీధిలో ఈ ప్రశ్న మొదలవుతుంది. ఒకరికి చెప్తే ఇంకొకరు వస్తారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

తిరుపతి, చిత్తూరు వైపు దసరా, దీపావళి ఈశాన్య రుతుపవనాల కాలంలో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు. కపిలతీర్థంలో జలపాతం నిండుగా దూకే రోజులవి. ఆ తేమకు గమ్ము ఆరదు, అట్ట మెత్తబడుతుంది, స్టాప్లర్ పిన్ను తుప్పు పట్టి జరీ మీద మరక వేస్తుంది. 2021లో దీపావళి అయిన రెండు వారాలకు తిరుపతి వీధులు నీట మునిగాయి కదా, అప్పుడు మంచం కింద పెట్టిన మా అలంకారాల మూట మొత్తం తడిసింది. గమ్ముతో అంటించినవన్నీ విడిపోయాయి. దారంతో కుట్టినవి ఆరేస్తే మళ్ళీ పనికొచ్చాయి. ఆ ఏడాది నుంచి నా పద్ధతి ఒకటే: బరువు మోసేది ఏదైనా కుట్టాలి, గమ్ము పైపై అందానికి మాత్రమే.

ఇక్కడ నాలుగు పనులు చెప్తాను: గుమ్మానికి గుడ్డ తోరణం, గాజుల దండ, బొమ్మల కొలువు మెట్లు (పక్కన ఏడుకొండలతో), దీపావళి లాంతరు. తోరణం గురించే ఎక్కువ రాశాను. ఎక్కువమందికి పాడయ్యేది అదే.

ముందు ఇంట్లో ఏమున్నాయో తీయండి

కొనడానికి గాంధీ రోడ్డుకు పరిగెత్తకండి. ఒక ఆదివారం పూట అటక, బీరువా, వంటింటి అర వెతికితే చాలు.

- జాకెట్ గుడ్డలు. పేరంటాల్లో వచ్చి, కుట్టించుకోకుండా పేరుకుపోయినవి ప్రతి ఇంట్లో పది ఉంటాయి.
- చిరిగిన చీరల అంచులు
- పెండ్లి పత్రికలు, పాత క్యాలెండర్లు
- పాత ఎక్స్‌రే ఫిల్ములు లేదా ప్లాస్టిక్ ఫైలు అట్టలు
- వాడని గాజులు, తెగిన పూసల దండలు, బొత్తాలు
- అట్టపెట్టెలు, పాత పేపర్లు
- పురికొస, కొబ్బరి ఈనెలు (పొరక పుల్లలు)
- కత్తెర, సూది, గట్టి దారం, టైలర్ సుద్ద, టేపు, పిన్నీసులు, తెల్ల ఫెవికాల్

కుట్టు మిషను ఉంటే పని సగం తగ్గుతుంది. లేకపోతే చేత్తో కుట్టొచ్చు, ఇంకో రెండు సాయంత్రాలు పడుతుంది.

కత్తెర పట్టేముందు మూడు విషయాలు చూడండి.

మొదటిది, పట్టుచీర. పాత కంచిపట్టు చీరలో అసలు వెండి జరీ ఉంటే దానికి ఈ రోజుకీ మంచి వెల ఉంది. అంచు చివర ఒక జరీ పోగు లాగి గోటితో గీరండి. లోపల ఎర్ర పట్టుదారం కనబడితే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటిది కోయకుండా ముందు తెలిసినవాళ్ళకు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళను అడగడం కూడా మరవద్దు. నేను ఒకసారి బూజు పట్టిందని ఒక చీర కోసేశాను, అది మా అమ్మ సీమంతం చీర అని తర్వాత తెలిసింది. ఆమె ఏమీ అనలేదు, ఆ ముక్కలన్నీ ఏరి దాచుకుంది. ఆ రోజు నుంచి అడగకుండా ఏ చీరా ముట్టలేదు.

రెండోది, దేవుడి బొమ్మ. మన దగ్గర పెండ్లి పత్రిక అంటే శ్రీవారి బొమ్మో, పద్మావతి అమ్మవారి బొమ్మో, కాణిపాకం వినాయకుడో లేకుండా ఉండదు. టీటీడీ క్యాలెండర్లు సరేసరి. బొమ్మకు అడ్డంగా కత్తెర వేయకండి. ముందు బొమ్మ భాగం చుట్టూ కోసి పక్కన పెట్టుకోండి. వాటికి వెనక చిన్న అట్ట కాలు అతికిస్తే కొలువులో నిలబెట్టుకోవచ్చు. మిగిలిన అట్టే మన పనికి.

మూడోది, థర్మోకోల్. "వాషింగ్ మెషీన్‌తో వచ్చింది ఉంది, వాడొచ్చా?" అని చాలామంది అడుగుతారు. వద్దు. అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. పైగా దీపం సెగ తగిలితే కరిగి మండుతుంది. అట్ట, గుడ్డ ఉండగా దాని అవసరం లేదు.

1. గుమ్మానికి గుడ్డ తోరణం

ఒక మాట ముందే చెప్తాను. మామిడాకు తోరణానికి ఇది బదులు కాదు. మామిడి తోటల జిల్లాలో ఉండి ఆకు కట్టకపోతే ఎట్లా? పండగ పొద్దున పచ్చి ఆకు పైన కట్టండి, ఈ గుడ్డ తోరణం దాని కింద వరుసలో ఉంటుంది. ఆకు వాడిపోయి తీసేశాక కూడా కార్తీకం అంతా గుమ్మం బోసిగా ఉండదు.

లెక్క కోసం మా గుమ్మాన్నే తీసుకుంటాను. ద్వారబంధం బయటి అంచు నుంచి బయటి అంచుకు 42 అంగుళాలు.

1) కొలత. తలుపు రెక్కను కొలవకండి, ద్వారబంధాన్ని బయటి వైపు నుంచి కొలవండి. తోరణం పొట్టి అయిందని బాధపడేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తప్పు చేసి ఉంటారు.

2) ఆకుల లెక్క. ఒక ఆకు వెడల్పు 2 అంగుళాలు, మధ్య ఖాళీ అర అంగుళం. 17 ఆకులకు 34, మధ్యలో 16 ఖాళీలకు 8, మొత్తం 42. మీ గుమ్మం వేరేగా ఉంటే ఖాళీని అటూ ఇటూ మార్చుకోండి, ఆకు సైజు మార్చకండి. ఆకులు బేసి సంఖ్యలో ఉంటే నడుమ ఆకు సరిగ్గా మధ్యకు వస్తుంది.

3) నమూనా. పెండ్లి పత్రిక మీద మామిడాకు గీయండి: పొడవు 5 అంగుళాలు, వెడల్పు 2, పైన బల్లపరుపుగా, కింద మొనగా. పైభాగంలో అర అంగుళం నాలుక అదనంగా వదలండి, అది పట్టీలోకి పోతుంది. నిజం మామిడాకు పెట్టి గీసుకుంటే ఆకారం బాగా వస్తుంది.

4) లోపలి బిగువు. ఆకు నిలువుగా ఉండాలంటే లోపల ఏదో గట్టిది ఉండాలి. వాన జల్లు తగిలే ముందు గుమ్మానికైతే ఎక్స్‌రే ఫిల్ము లేదా ప్లాస్టిక్ ఫైలు అట్ట వాడండి. నీళ్ళు పీల్చదు. కొందరు పెద్దవాళ్ళు గుమ్మానికి ఎక్స్‌రేనా అని ఇబ్బంది పడతారు, వాళ్ళ ఇంట్లో ఫైలు అట్టే మేలు. డాక్టరుకు మళ్ళీ చూపించాల్సిన ఎక్స్‌రే కాదని నిర్ధారించుకున్నాకే కోయండి. పూజ గదికి, లోపలి గదులకైతే పత్రిక అట్ట చాలు.

పత్రిక అట్టతో చేసేటప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. అట్టను పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఒక వైపు సులువుగా వంగుతుంది, ఇంకో వైపు ఎదురు తిరుగుతుంది. ఎదురు తిరిగే దిశ ఆకు పొడవుకు రావాలి. ఇది చూడకుండా కోస్తే సగం ఆకులు తిన్నగా, సగం ఆకులు మెలి తిరిగి కనిపిస్తాయి.

ఈ లోపలి ముక్కను నమూనా కంటే చుట్టూ గోరు మందం తగ్గించి కోయండి. సరిగ్గా అదే సైజుకు కోస్తే గుడ్డలోకి దూరదు. మొనను కాస్త గుండ్రం చేయండి, లేకపోతే ఫిల్ము అంచు గుడ్డను చీల్చుకుని బయటికి వస్తుంది.

5) గుడ్డ. ఒక్కో ఆకుకు ముందు, వెనక రెండు ముక్కలు, మొత్తం 34. కుట్టు కోసం చుట్టూ అర అంగుళం వదలాలి కాబట్టి ఒక్కో ముక్కకు 3 అంగుళాల వెడల్పు, ఆరున్నర పొడవు. ఒక్క జాకెట్ గుడ్డలో ఇవన్నీ వస్తాయి. నాకు ఆకుపచ్చ ఆకులకు ఎర్ర అంచు ఇష్టం. రెండు రంగులు మార్చి మార్చి పెట్టినా బాగుంటుంది.

కోసే ముందు రంగు పరీక్ష తప్పనిసరి. తడిపిన తెల్ల గుడ్డతో జాకెట్ గుడ్డ మూలను గట్టిగా రుద్దండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే, వాన జల్లుకు మీ గోడకూ అంటుతుంది. రంగు పోవడం ఆగేదాకా ఉతికి ఆరేయండి. నాలుగు ఉతుకుల తర్వాత కూడా పోతుంటే దాన్ని లోపలి గదికి వాడండి. ఎరుపు, మెరూన్ గుడ్డల్లో ఈ సమస్య ఎక్కువ.

6) కుట్టు. రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పైభాగం వదిలేసి మిగతా చుట్టూ కుట్టండి. మొన దగ్గర అదనపు గుడ్డ కత్తిరించి, వంపుల దగ్గర కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు పెట్టండి. తిరగేసి, మొనను ఈనె పుల్లతో లోపలి నుంచి నెట్టండి. సూది, కత్తెర మొనలతో నెట్టకండి, బొక్క పడుతుంది. ఇస్త్రీ చేసి, చల్లారాక లోపలి ముక్క దూర్చండి. ఫిల్ము దూర్చాక ఇస్త్రీ పెడితే ముడుచుకుపోతుంది, జాగ్రత్త.

7) పట్టీ. 4 అంగుళాల వెడల్పున్న చీర అంచు 44 అంగుళాలు కోయండి (రెండు వైపులా మడతకు అంగుళం చొప్పున). నిలువునా సగానికి మడిస్తే 2 అంగుళాల పట్టీ అవుతుంది. మడత పైకి, తెరిచిన వైపు కిందికి. అంచు పాతబడి బొటనవేళ్ళ మధ్య లాగితే చర్రున చిరుగుతుంటే, లోపల జాకెట్ గుడ్డ అస్తరు వేయండి. అస్తరు లేకుండా పాత పట్టు బరువు మోయదు.

8) గుర్తులు. రెండు చివరలూ అంగుళం చొప్పున లోపలికి మడిచిన పట్టీ మీద ఎడమ చివర నుంచి రెండున్నర అంగుళాలకొక సుద్ద గీత. ఒక్కో ఆకు ఎడమ అంచు ఒక్కో గీత దగ్గర. చివరి ఆకు 40 దగ్గర మొదలై 42కు ముగియాలి.

9) బిగింపు. నాలుకలను పట్టీ రెండు పొరల మధ్య అర అంగుళం దూర్చి గుండుసూదులు పెట్టండి. ఎడమ నుంచి మొదలుపెట్టకండి. తొమ్మిదో ఆకును సరిగ్గా నడుమ పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా పోండి. చిన్న తేడా వచ్చినా రెండు చివరలకూ సమంగా పంచుకుపోతుంది, కంటికి తెలియదు. అన్నీ పెట్టాక ఒకసారి గోడకు ఆనించి దూరం నుంచి చూసి, అప్పుడు కుట్టండి. రెండు వరుసల కుట్టు వేయండి.

10) తాడు. పట్టీ పై మడతలో, లంగాకు బొందు ఎక్కించినట్టు, పిన్నీసు సాయంతో పురికొస లాగండి. కట్టుకోవడానికి రెండు వైపులా 8 అంగుళాలు వదలాలి, అంటే తాడు కనీసం 58 అంగుళాలు. మడత కింద ఒక వరుస కుట్టు వేస్తే తాడు జారదు.

11) మొనలకు బరువు. తెగిన దండల పూసలు రెండేసి ఒక్కో ఆకు మొనకు కుట్టండి. ఇది అందం కోసమే అనుకుంటారు, కానీ గాలికి ఆకు తిరగబడకుండా ఆపేది ఈ బరువే.

సరిగా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి. బాల్కనీ తీగకు రాత్రంతా వేలాడదీయండి. పొద్దున పట్టీ నడుమ కిందికి జారి ఉంటే తాడు వదులుగా ఉంది, లేదా అస్తరు కావాలి. ఏ ఆకైనా వంకరగా ఉంటే దాని నాలుక ఒకవైపు ఎక్కువ దూరింది, ఆ ఒక్కటే విప్పి కుట్టండి. తర్వాత తోరణం మీద నీళ్ళు చిలకరించి గంట ఆగండి. ఆకు బిగువుగా ఉంటే మీ పని బాగా కుదిరినట్టే.

కుట్టు అస్సలు రాదంటే? ఆకులను అట్ట మీద గుడ్డ అంటించి చేసుకోండి, కానీ పట్టీకి బిగించేటప్పుడు మాత్రం ఒక్కో ఆకుకు రెండు టాకాలు దారంతో వేయండి. దబ్బనంతో బొక్కలు పొడిచి పెడితే పిల్లలైనా వేయగలరు. గ్లూ గన్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. మన మే నెల ఎండలకు అటక మీద ఆ జిగురు మెత్తబడి ఊడిపోతుంది.

కట్టే రోజు: ముందు గడపకు పసుపు రాసి, ద్వారబంధానికి బొట్లు పెట్టి, అవి ఆరాక తోరణం కట్టండి. తడి పసుపు జరీకి అంటితే వదలదు.

2. గాజుల దండ

ఇది గంట పని. 2-8, 2-6, 2-4 సైజు గాజులు ఒక్కోటి తీసుకోండి. మట్టి గాజులు వద్దు, గాలికి ఒకదానికొకటి తగిలి పగిలి కింద నడిచేవాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి. మెటల్ గాజులో, ప్లాస్టిక్ గాజులో తీసుకోండి.

1) జాకెట్ గుడ్డను వేలెడు వెడల్పు పట్టీలుగా చింపి గాజు చుట్టూ బిగుతుగా చుట్టండి. మొదలు, చివర మాత్రమే ఫెవికాల్ చుక్క, దాని మీద ఒక టాకా.

2) పెద్దది పైన, చిన్నది కింద వచ్చేలా ఒకదాని కింద ఒకటి దారంతో కట్టండి. ప్రతి గాజు నడుమ ఒక పూస వేలాడదీయండి.

3) చివరన పాత గొలుసు మువ్వో, బొత్తాల గుత్తో కట్టండి.

గుమ్మం నడుమ కట్టొద్దు, రెండు పక్కలా కట్టండి. ఇంట్లో అందరికంటే పొడుగు మనిషిని తలెత్తి నడిచి రమ్మని చూసి ఎత్తు ఖాయం చేసుకోండి. దండ గిరగిరా తిరుగుతూ మెలిపడుతుంటే, ఒక్క దారంతో కాకుండా పైగాజుకు రెండు చోట్ల దారం కట్టి పైన ముడి వేయండి.

3. అట్టపెట్టెలతో కొలువు మెట్లు, పక్కన ఏడుకొండలు

కోస్తా వైపు చాలా ఇళ్ళలో సంక్రాంతికి కొలువు పెడతారు. మన తిరుపతి, చిత్తూరులో తమిళ సీమ పక్కనే ఉండడంతో దసరా నవరాత్రుల కొలువే ఎక్కువ. మెట్లు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది ఇలా బేసి సంఖ్యలో పెడతాం. అద్దె ఇంట్లో చెక్క మెట్లు పెట్టుకునే చోటు ఉండదు కాబట్టి అట్టపెట్టెల మెట్లు మంచి ఉపాయం, దీపావళికల్లా విప్పేయొచ్చు.

ఐదు మెట్లకు లెక్క: ఒక్కో మెట్టు 6 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల లోతు. ముందు వరుసకు ఒక పెట్టె ఎత్తు, దాని వెనక రెండు, అలా ఆఖరి వరుసకు ఐదు. అంటే వెడల్పులో ఒక్కో నిలువు గీతకు 15 పెట్టెలు. మీ గోడ దగ్గర మూడు పెట్టెల వెడల్పు పడితే 45 కావాలి. అన్ని లేకపోతే మూడు మెట్లు పెట్టుకోండి, నిండుగా ఉంటుంది.

1) ఒకే ఎత్తు పెట్టెలు ఏరండి. కూరగాయల, పండ్ల పెట్టెలైతే రెండు రోజులు ఎండలో పెట్టి గట్టిగా దులపండి. మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి. చేతి బొక్కలు ఉన్న మామిడిపండ్ల పెట్టెలు పక్కకు బలహీనం, వాటిని కింద వరుసలో వాడకండి.

2) ప్రతి పెట్టెలో పాత పేపర్లు పడుకోబెట్టి నింపండి, మూత మూశాక వేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ఖాళీ పెట్టె మీద మట్టి బొమ్మ పెట్టడమే కొలువు కూలడానికి మొదటి కారణం.

3) నేల మీద నేరుగా పెట్టకండి. ముసురులో గచ్చు చెమ్మ తీస్తుంది. కింద పాత ప్లాస్టిక్ చాప, లేదా ఫ్లెక్సీ ముక్క పరవండి.

4) ఇటుకలు పేర్చినట్టు పేర్చండి. కింది రెండు పెట్టెల అతుకు మీద పై పెట్టె నడుమ రావాలి. వెనక వరుస గోడకు ఆనాలి.

5) పైన తెల్ల పంచె ఒకే ముక్కగా పరిచి, మెట్టు మెట్టుకూ మడత నొక్కి గుండుసూదులు గుచ్చండి.

పరీక్ష: ప్రతి మెట్టు నడుమ 5 కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కొంచెం కుంగినా ఆ పెట్టెలో ఇంకా పేపర్లు కావాలి. ఇది చేయకుండా బొమ్మలు పెట్టకండి. తిరుపతి ఎర్రచందనం మరపాచి (చెక్క బొమ్మల) జంట పడితే లేపి పెట్టొచ్చు, అమ్మమ్మల కాలం మట్టి బొమ్మ పడితే తిరిగి రాదు. బరువు బొమ్మలు కింది మెట్లకు, తేలికవి పైకి పెడితే ఇంకా నిశ్చింత. పై మెట్టున కలశం పెట్టే ఇళ్ళలో దాని కింద ఉన్న ఐదు పెట్టెలను పురికొసతో ఒక కట్టగా కట్టేయండి.

ఇంట్లో పాత శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఉంటే వెనక తెరగా కట్టండి. దాన్ని కోయడం, మేకు కొట్టడం, గమ్ము పూయడం వద్దు. పై అంచుకు బట్టల క్లిప్పులు పెట్టి తాడుకు వేలాడదీస్తే సరిపోతుంది.

పిల్లలు ఉన్న ఇంట్లో కొలువు పక్కన ఏడుకొండలు చేయించండి. వాళ్ళు దసరా సెలవులన్నీ దీని మీదే ఉంటారు.

ముందు గంజి కాచుకోండి. ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు గ్లాసుల నీళ్ళలో పోస్తూ తిప్పండి. తెల్లదనం పోయి మెరుపు వచ్చాక దించి, బూజు పట్టకుండా చిటికెడు పటిక పొడి కలపండి. చల్లారాకే పిల్లల చేతికి ఇవ్వండి.

రెండు పొరల అట్ట మీద పేపర్లను ఉండలుగా నలిపి పురికొసతో కట్టి ఏడు గుట్టలు నిలపండి. పాత నూలు చీర ముక్కను గంజిలో ముంచి, గట్టిగా పిండి, గుట్టల మీద కప్పి మడతలు దిద్దండి. పిండకుండా కప్పితే లోపలి పేపరు నాని కొండలు కూర్చుండిపోతాయి, అందరూ చేసే తప్పు ఇదే. ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. మునివేళ్ళకు కాకుండా చేతి వెనక భాగానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

రంగుకు వాడేసిన టీ పొడిని మళ్ళీ మరిగించి చిక్కగా తీసిన నీళ్ళు చాలు. స్పాంజితో అద్దితే శేషాచలం బండల గోధుమ ఎరుపు వస్తుంది. పసుపు కూడా వాడొచ్చు, కానీ ఎండ తగిలే చోట వెలిసిపోతుంది. పెండ్లి పత్రిక అట్టను ముందుకూ వెనక్కూ మడతలు పెడితే మెట్ల దారి తయారు. అలిపిరి దారి ఒక వైపు, శ్రీవారి మెట్టు దారి ఇంకో వైపు పెట్టి, అలిపిరి దారికి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారికి 2,388 అని పిల్లల చేత రాయించండి. ఈనె పుల్లలకు కాగితం జెండాలు అంటించి శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి పేర్లు గుచ్చమనండి. పచ్చదనానికి పండగకు నాలుగైదు రోజుల ముందు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లండి.

ఈ కొండలను మాత్రం వచ్చే ఏడాదికి దాచకండి. మైదా వాసనకు ఎలుకలు, బొద్దింకలు వస్తాయి. జెండాలు, మెట్లు తీసిపెట్టుకుని మిగతాది వదిలేయండి.

4. దీపావళి లాంతరు

నాలుగు పెండ్లి పత్రికల అట్టలు, ఒక్కో దాంట్లో కిటికీలాగా నడుమ కోసి, వెనక పలుచటి చీర ముక్క అంటించండి. నాలుగింటినీ నిలబెట్టి, మూలల్లో లోపల ఈనె పుల్లల కట్ట ఆనించి దారంతో కుట్టండి. పైన రెండు పుల్లలు అడ్డంగా వేసి తాడు కట్టండి. తెల్ల ఫెవికాల్ ఈ కాలంలో ఒక రాత్రికి ఆరదు, పూర్తిగా 24 గంటలు ఇవ్వండి. తెలుపు పోయి గాజులా కనిపించేదాకా ముట్టకండి.

లోపల ఎల్ఈడీ సీరియల్ బల్బులే పెట్టాలి. నూనె దీపం, కొవ్వొత్తి కాగితం లాంతరులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వైరు అతుకులు వరండాలో వాన తగిలే చోట ఉండకూడదు. పెట్టాక అరగంట వెలిగించి బల్బుల దగ్గర అట్టను తాకి చూడండి, వేడిగా ఉంటే ఆ దండ మార్చండి.

కార్తీకంలో నిజం దీపమే కావాలనుకుంటే కొబ్బరి చిప్పలో సగం దాకా ఇసుక పోసి, దాని మీద మట్టి ప్రమిద పెట్టి వెలిగించండి. చిప్పలోనే నూనె పోసి వత్తి వేయకండి, చిప్పే అంటుకుంటుంది. గుడ్డ తోరణానికీ దీపానికీ మధ్య కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి, గాలికి వేలాడేవి ఎటు ఊగుతాయో చూసి పెట్టండి.

దాచేటప్పుడు

కార్తీకం అయ్యాక, వాన లేని ఎండ రోజు చూసి అన్నీ దించండి. నీడపట్టున ఒక పూట ఆరేయండి, జరీని నేరుగా ఎండలో పెట్టొద్దు. తోరణాన్ని మడవకుండా పాత పేపరు రోల్ మీద చుట్టి, పైన తెల్ల నూలు పంచె ముక్క కప్పండి. ప్లాస్టిక్ కవరులో కట్టేస్తే లోపల చెమ్మ పట్టి జరీ నల్లబడుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు, వాటి బదులు ఎండిన వేపాకు వేయండి. మూట మంచం కింద కాదు, బీరువా పై అరలో. పైన ఒక చీటీ మీద "ముందు గుమ్మం, 42 అంగుళాలు, 17 ఆకులు" అని రాసి పిన్నీసు పెట్టండి, వచ్చే ఏడాది మళ్ళీ టేపు వెతకాల్సిన పని ఉండదు.